పెట్టె కన్నా ముందు రెండో కాపీ

పెళ్లయిన నెలకో రెండు నెలలకో ఫొటో స్టూడియో నుంచి కబురొస్తుంది. ఆల్బంతో పాటు ఒక పెన్‌డ్రైవో, చిన్న హార్డ్‌డిస్కో చేతిలో పెడతారు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా కాస్త ఖర్చుపెట్టి చేసే పెళ్లంటే ఇప్పుడు వీడియో 4కేలోనే. రెండు కెమెరాలు, పైన ఒక డ్రోన్. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డు చేసే కెమెరా గంటకు 45 జీబీ నింపుతుంది. అలాంటివి రెండు పది గంటలు నడిస్తే 900 జీబీ. స్టూడియోవాళ్లు ఆ ముడి వీడియోని ఎల్లకాలం దాచలేరు, వాళ్ల డిస్కులు తర్వాతి పెళ్లికి ఖాళీ కావాలి. ఇక ఆ పెళ్లికి మిగిలిన ఏకైక ప్రతి బీరువాలో పట్టుచీరల కింద ఉన్న ఆ చిన్న డిస్కే.

దానికి ఇంటిల్లిపాది ఫోన్లు తోడు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఊళ్లో తప్పెటగుళ్లు, మామ్మ చెప్పిన కథ, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల మార్కుల జాబితాలు అన్నీ వాటిలోనే. 2021 మే నెలాఖరు దాకా గూగుల్ ఫొటోస్ కాస్త కుదించిన బొమ్మల్ని లెక్కలేకుండా ఉచితంగా దాచింది. జూన్ 1 నుంచి ఎక్కించిన ప్రతి బొమ్మా 15 జీబీ కోటాలోంచే తింటోంది. ‘స్టోరేజీ నిండింది’ అన్న సందేశం రాని ఫోను ఇప్పుడు అరుదు. ఇంట్లోనే ఒక డబ్బా పెట్టుకుని అందరి ఫోన్లూ దాంట్లోకి దించుకుంటే పోలేదా అన్న ఆలోచన అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ డబ్బానే నాస్ అంటారు. ఒకటో రెండో నాలుగో హార్డ్‌డిస్కులు పట్టే చిన్న పెట్టె, లోపల దానిదే ఒక చిన్న కంప్యూటర్. వైఫై రౌటర్‌కి కేబుల్‌తో కలిపి వదిలేస్తే ఇంట్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ దాంట్లోంచి తీసుకుంటాయి, దాంట్లోకి దాస్తాయి. తైవాన్ కంపెనీలైన సైనాలజీ, క్యూనాప్ ఈ రంగంలో పాతకాపులు. ఆసస్టర్, టెర్రామాస్టర్ కూడా దొరుకుతాయి. పాత డెస్క్‌టాప్‌లో ట్రూనాస్ లేదా ఓపెన్ మీడియా వాల్ట్ సాఫ్ట్‌వేర్ వేసుకుని తామే తయారు చేసుకునేవాళ్లూ ఉన్నారు. చదువుకునే కుర్రాళ్లకు అది మంచి పాఠం. కానీ ఆ కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక దాన్ని చూసుకునేవాళ్లు ఇంట్లో ఉండరు. అమ్మానాన్నలు మాత్రమే ఉండే ఇంటికి అది పనికిరాదు.

ఏ పెట్టె కొనాలన్నది మాత్రం రెండో ప్రశ్న. డిస్కు చచ్చిపోతే ఏమిటన్నది మొదటిది.

హార్డ్‌డిస్కు తిరిగే యంత్రం. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్‌లో రెండేసి అడుగుల వ్యాసమున్న 50 పళ్లేలు తిరుగుతూ 50 లక్షల అక్షరాలు మోసేవి. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కు లక్షల కోట్ల అక్షరాలు మోస్తోంది గానీ పని తీరు అదే: పళ్లెం తిరగాలి, దాని మీద వెంట్రుకవాసి కన్నా తక్కువ ఎత్తులో చదివే ముల్లు తేలాలి. తిరిగేది ఏదో ఒకనాడు ఆగుతుంది. అమెరికాలో బ్యాక్‌బ్లేజ్ అనే కంపెనీ తన దగ్గరున్న లక్షల డిస్కుల్లో ఏవి ఎప్పుడు పోయాయో 2013 నుంచి బయటపెడుతోంది. దాని లెక్కలో 2023లో ఏడాదికి నూటికి 1.70, 2024లో 1.57 పోయాయి. ఏసీ గదిలో, నిలకడైన కరెంటు మీద నడిచిన డిస్కుల మాట ఇది.

నూటికి ఒకటో రెండో అంటే తక్కువేననిపిస్తుంది. పోయేది మన ఇంటిదైతే శాతాలతో ఓదార్పు దొరకదు. అంతకన్నా పట్టించుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పత్రం ప్రచురించారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే స్మార్ట్ నమోదులో ముఖ్యమైన నాలుగు హెచ్చరికలున్నాయి. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, 56 శాతం, ఆ నాలుగింటిలో ఒక్కటీ చూపకుండానే పోయాయి. హెచ్చరిక చూపినవాటి సంగతి వేరు: మొదటి స్కాన్ లోపం కనబడ్డ డిస్కు తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం మామూలు డిస్కు కన్నా 39 రెట్లు. కాబట్టి హెచ్చరిక వస్తే వెంటనే డేటా దించుకోవాలి, రాలేదు కదా అని నిబ్బరంగా కూర్చోకూడదు. వేడి గురించి కూడా ఆ పత్రం ఒక పాత నమ్మకాన్ని సడలించింది. మామూలు వేడికీ డిస్కు చావుకీ గట్టి సంబంధం కనబడలేదు, బాగా ఎక్కువ వేడిలో, పాతబడ్డ డిస్కుల్లో మాత్రమే తేడా తెలిసింది.

ఇక కొనడం. డిస్కు మీది లేబుల్‌ను నింపాదిగా చదవడం అలవాటు చేసుకుంటే సగం మోసాలు తప్పుతాయి. మోడల్ నంబరు, తయారీ తేదీ, సీరియల్ నంబరు, కెపాసిటీ అన్నీ దాని మీదే ఉంటాయి. మోడల్ నంబరు చివరి అక్షరాల్లో పెద్ద కథే ఉంది. డిస్కు మీద రాతగీతల్ని పక్కపక్కన వేస్తే సీఎంఆర్, పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరిపి వేస్తే ఎస్‌ఎంఆర్. రెండో పద్ధతిలో అదే పళ్లెంలో ఎక్కువ పడుతుంది గానీ, రాసింది తిరిగి రాయాల్సి వస్తే పక్క గీతల్ని కూడా మళ్లీ రాయాలి. నాస్‌లో పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం నింపేటప్పుడు ఈ నెమ్మది ప్రాణం తీస్తుంది. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ (డబ్ల్యూడీ) తన రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని మోడళ్లు ఎస్‌ఎంఆర్ అని చెప్పకుండానే నాస్ కోసమంటూ అమ్మిందని బయటపడింది. పాత మోడల్ చివర ఈఎఫ్ఆర్ఎక్స్, కొత్తదాని చివర ఈఎఫ్ఏఎక్స్. కొన్నవాళ్లకు కనబడే తేడా అంతే. గొడవ ముదిరాక కంపెనీ సీఎంఆర్ రకాన్ని రెడ్ ప్లస్ అని వేరు చేసింది. ఇప్పుడు నాస్‌కి కొనేవాళ్లు రెడ్ ప్లస్, సీగేట్ ఐరన్‌వోల్ఫ్, తోషిబా ఎన్300 లాంటివి చూసుకుని, కంపెనీ పట్టికలో సీఎంఆర్ అని ఉందో లేదో సరిపోల్చుకుంటే చాలు. ఐరన్‌వోల్ఫ్‌కీ రెడ్ ప్లస్‌కీ వారంటీ మూడేళ్లు, వాటి ప్రో రకాలకు ఐదేళ్లు. అప్పుడప్పుడు తగిలించి తీసేసే బయటి డిస్కు ఎస్‌ఎంఆర్ అయినా నష్టం లేదు.

సీసీ కెమెరాలు పెరిగాక ఊళ్లలోని కంప్యూటర్ షాపుల్లో సులువుగా దొరికేవి డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్. ‘ఇదీ ఇరవై నాలుగ్గంటలూ నడిచేదే కదండీ, పెట్టేసుకోండి’ అని షాపతను అంటాడు. అది ఆగకుండా వీడియో రాసుకోవడానికి తీర్చిన డిస్కు. ఒక చోట రాత కుదరకపోయినా వీడియో ఆగకూడదన్నది దాని ధర్మం. ఇంటి ఫొటోకి కావలసింది దానికి తిరగబడ్డది: ఆలస్యమైనా ఒక్క అక్షరం తప్పు పోకూడదు. నాలుగు రోజులు ఆగి అయినా సరైన రకం తెప్పించుకోవడమే మేలు.

పాత డిస్కును కొత్తదిగా అమ్మడం కూడా ఇప్పుడు పెద్ద బెడద. 2025 జనవరిలో జర్మనీలో వేల గంటలు వాడిన సీగేట్ ఎక్సోస్ డిస్కులు కొత్తవిగా అమ్ముడుపోయినట్టు బయటపడింది. చియా అనే క్రిప్టో నాణెం కోసం చైనాలో వాడేసినవి, స్మార్ట్ లెక్కల్ని సున్నా చేసి మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. ఆన్‌లైన్‌లో మిగతావాళ్ల కన్నా బాగా చవగ్గా కనబడ్డ డిస్కు ఇలాంటిదో, మన దేశంలో వారంటీ చెల్లని దిగుమతి సరుకో కావచ్చు. కవరు విప్పగానే సీరియల్ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ భారతదేశానికి ఉందో లేదో, ఎప్పటిదాకా ఉందో చూడాలి. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎన్ని గంటలు నడిచిందో చూడాలి, అయితే సున్నా చేసిన లెక్క దీనికి దొరక్కపోవచ్చు. తిరిగి పంపడానికి గడువుండగానే ఈ రెండూ అయిపోవాలి. చెడితే ఏ ఊరు పంపాలో, కొరియర్ ఖర్చు ఎవరిదో బిల్లు కట్టే ముందే అడగాలి. వారంటీ కింద వచ్చేది ఖాళీ డిస్కు. పోయిన బొమ్మలకు వారంటీ లేదు.

4 టీబీ డిస్కు కొంటే కంప్యూటర్లో 3.63 అని కనబడి కంగారు పడేవాళ్లున్నారు. కంపెనీ లక్ష కోట్ల బైట్లను ఒక టీబీ అంటుంది, విండోస్ 1,024 చొప్పున లెక్కవేస్తుంది. మోసమేమీ లేదు. ఎస్ఎస్డీ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త కావాలి. వాడుకకు అది వేగమే, కానీ కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడుకోబెట్టడానికి కాదు. బాగా అరిగిన ఇంటి ఎస్ఎస్డీ 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన ఎండాకాలాలకు ఆ లెక్క చాలదు. దాచడానికి హార్డ్‌డిస్కే నయం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సొంత కష్టాల దగ్గరికి వస్తే కరెంటే మొదటిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరం మీదుగా విరుచుకుపడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ వేలల్లో కూలాయి. రోజుల తరబడి దీపం లేదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. నెలకు 149 రూపాయలకు పల్లెకు ఇంటర్నెట్ చేరిందంటే ఆ పద్ధతి వల్లనే. అదే పద్ధతి వల్ల స్తంభం పడిన చోట కరెంటూ ఇంటర్నెట్టూ ఒక్కసారే పోతాయి. క్లౌడ్‌లో ఉన్న భూమి కాగితం సరిగ్గా నష్టపరిహారం రాయించుకునే రోజున తెరుచుకోదు. ఇంట్లో ఒక కాపీ ఉండాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తుఫాను లేని రోజుల్లోనూ కరెంటు పోవడం, రావడం ఉంటుంది. రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాదు, డిస్కులోని పట్టికే చెడవచ్చు. అందుకని యూపీఎస్ లేని నాస్ కొనడమే వద్దు. 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టెకూ రౌటర్‌కూ సరిపోతుంది. యూఎస్‌బీ తీగతో పెట్టెకు కబురు చెప్పేదైతే, బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తాను సర్దుకుని ఆగిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద ‘యూపీఎస్’ మోడ్ స్విచ్ ఉందేమో చూడాలి. మామూలు మోడ్‌లో ఫ్యాన్ ఆగకపోవచ్చు, కంప్యూటర్ ఆగిపోతుంది. వేసవి ఉరుముల కాలంలో ఇంకో సంగతి. ఫైబర్ తీగ గాజుది కాబట్టి దాంట్లో పిడుగు ప్రవహించదు, కానీ దాని పెట్టెకు పెట్టిన అడాప్టర్‌లోంచి వస్తుంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోవడం ఏ డిస్కు కన్నా చవక.

కళింగపట్నం, భావనపాడు, భోగాపురం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది. కనెక్టర్ల రాగి పచ్చబడుతుంది, ఫ్యాను చుట్టూ దుమ్ము తడిసి అట్టకడుతుంది. పెట్టెను కిటికీ పక్కన, వంటింటి గోడకు, నేల మీద పెట్టకూడదు. గాలి ఆడే అలమర, నడుమెత్తు పైన. వాడని డిస్కును సిలికా జెల్ పొట్లంతో మూత బిగిసే డబ్బాలో పెట్టి, ఆరు నెలలకోసారి తీసి తిప్పి చూడాలి. వంశధార, నాగావళి వరద చేరే వీధుల్లో ఆ డబ్బా మేడ మీద ఉండాలి.

చాలామంది రెండు డిస్కుల నాస్ కొని, రెండింటిలోనూ ఒకే సరుకు ఉండేలా అద్దం పద్ధతి పెట్టుకుని, ఇక కాపీ ఉంది కదా అనుకుంటారు. రెయిడ్ అనే ఆ ఏర్పాటును 1988లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ వివరించారు. ఒక డిస్కు పోయినా పని ఆగకుండా నడపడానికే అది. పిల్లవాడు ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన చెరిగిపోతుంది. పిడుగుకీ దొంగకీ వరదకీ రెండూ ఒకే పెట్టెలో ఉన్న సంగతి తెలుసు.

వైరస్‌కీ తెలుసు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ ప్రపంచమంతటా ఇళ్లలోని క్యూనాప్ పెట్టెలకు తాళం వేసి బిట్‌కాయిన్‌లో డబ్బు అడిగాయి. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ డిస్కులు ఎందరివో ఒక్క పూటలో ఖాళీ అయ్యాయి. 2015 తర్వాత వాటికి కొత్త సాఫ్ట్‌వేరే రాలేదు. ఈ పెట్టెలన్నీ ఇంటర్నెట్‌కి తలుపు తెరిచి కూర్చున్నవే. అమెరికాలో ఉన్న కొడుకు చూసుకోవాలని రౌటర్‌లో పోర్టు తెరవడం ఎంతమాత్రం మంచిది కాదు. చాలా కనెక్షన్లలో అనేక ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇస్తారు కాబట్టి అది పనిచేయదు కూడా. కంపెనీ ఇచ్చే క్విక్‌కనెక్ట్ లాంటి దారినో, టెయిల్‌స్కేల్ లాంటి సొరంగాన్నో వాడుకోవాలి. అడ్మిన్ అనే పేరుతో ఖాతా ఉండకూడదు. అప్‌డేట్ వచ్చినప్పుడు వేయాలి. ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్నది ధర కన్నా ముందు చూడాలి. కంపెనీల మాట మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 2025 ఏప్రిల్‌లో సైనాలజీ తన కొత్త ప్లస్ పెట్టెల్లో తాను ఒప్పుకున్న డిస్కులే వాడాలంది. కొనేవాళ్లు మండిపడ్డారు, అక్టోబరులో ఆ షరతు సడలించింది.

కాబట్టి కావలసింది దూరం. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 సూత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు: మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, అందులో ఒకటి ఊరి బయట. ఉత్తరాంధ్ర వలసల ప్రాంతం. ఇంటికొకరు విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉంటారు. ఈ ఒక్క పనికి ఆ వలసే అక్కరకొస్తుంది. సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ మీద 1 టీబీ పంపాలంటే ఆగకుండా నాలుగున్నర రోజులు పైనే పడుతుంది. అదే డిస్కు ఆమదాలవలసలో రైలెక్కితే మర్నాటికి సికింద్రాబాద్‌లో ఉంటుంది. పండక్కి వచ్చిన పిల్లలు వెళ్లేటప్పుడు పాత డిస్కు తెచ్చి ఇచ్చి, కొత్త కాపీ పట్టుకెళ్తే చాలు. దానికి పాస్‌వర్డ్ తాళం వేసి, ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి వేరే చోట దాచాలి.

ఈ దూరం విలువ శ్రీకాకుళానికి కొత్త కాదు. కాళీపట్నం రామారావు గారు, అందరి కారా మాస్టారు, 1997 ఫిబ్రవరి 22న అక్కడ కథానిలయం తెరిచి తెలుగు కథలన్నిటినీ ఒక కప్పు కిందికి చేర్చే పని పెట్టుకున్నారు. పాత పత్రికలు, పుస్తకాలు పేజీ పేజీ స్కానై ఇంటర్నెట్‌కెక్కాయి. 2021 జూన్ 4న మాస్టారు వెళ్లిపోయారు. ఆయన పోగేసిన కథల్ని డాలస్‌లో ఉన్నవాడూ డెంకాడలో ఉన్నవాడూ ఇవాళ చదువుకుంటున్నారు. ఒక ఊళ్లో ఉన్న కాగితానికి ఇంకో చోట ప్రతి ఉండటమంటే అదే. ఒక పేజీ 1 ఎంబీ అనుకుంటే లక్ష పేజీలు 100 జీబీ, ఒక పెళ్లి వీడియోలో తొమ్మిదో వంతు.

క్లౌడ్‌ను తీసిపారేయడానికి లేదు. పక్కనే విశాఖలో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం కడతానని 2025 అక్టోబరులో ప్రకటించింది. భూమి కాగితాలు, బాగా కావలసిన వెయ్యి ఫొటోలు, మామ్మ గొంతు క్లౌడ్‌లో ఉండాల్సిందే. అయితే రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు, 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. పోయినవారి ఫోన్లో ఉండిపోయిన ఫొటోలకు ఇదే పెద్ద గండం. ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’లో కొడుకు పేరో కూతురి పేరో ముందే రాసి ఉంచాలి.

డబ్బు లెక్క చూస్తే తీర్పు తేలికవుతుంది. రెండు డిస్కులు పట్టే ఖాళీ పెట్టె దాదాపు ఇరవై వేలు. నాస్ రకం 4 టీబీ డిస్కు ఒక్కోటి పది వేలకు పైనే, అలాంటివి రెండు. ఆపైన యూపీఎస్. ధరలు నెలనెలా కదులుతుంటాయి గానీ మొత్తం యాభై వేలకు అటూఇటూ. అద్దం పద్ధతిలో రెండు 4 టీబీ డిస్కులకు దక్కే చోటు 4 టీబీయే. ఇరవై వాట్ల పెట్టె ఏడాది పొడుగునా నడిస్తే 175 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 1,050. ఇంత పెట్టాక కూడా ఊరి బయట కాపీ లేకపోతే ఆ ఇల్లు తిత్లీ ముందు ఒంటరిదే.

అమ్మానాన్నలే ఉండే ఇంటికి, 2 టీబీ దాటని కుటుంబానికి నాస్ అక్కర్లేదు. వేరు వేరు నెలల్లో కొన్న రెండు బయటి డిస్కులు, ఒకటి ఇంట్లో, ఒకటి పిల్లల దగ్గర. ముఖ్యమైనవి క్లౌడ్‌లో. నలుగురు ఫోన్లవాళ్లు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, వీడియో తీసేవాళ్లు ఉన్న ఇంటికి రెండు డిస్కుల నాస్ సబబే, యూపీఎస్‌తో, దాన్నుంచి వారానికోసారి కాపీ తీసే మూడో డిస్కుతో. నాలుగు డిస్కుల పెట్టె స్టూడియోకి, ఇంటికి కాదు. డబ్బు ఒకేసారి చాలకపోతే మూడో డిస్కు ముందు కొని, పెట్టె తర్వాత కొనాలి.

కాపీ తీశాక ఏదో ఒక ఫోల్డర్ తెరిచి, నాలుగు ఫొటోలు, ఒక వీడియో చివరిదాకా ఆడించి చూడండి. తెరుచుకోని కాపీ లెక్కలోకి రాదు. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఈసారి అక్టోబరు వచ్చేలోపు బీరువాలో ఉన్న ఆ ఒక్క డిస్కుకు ఇంకో ప్రతి తీసి, జిల్లా దాటించండి.